సముద్ర రవాణాలో బియ్యం నాణ్యత – ఉమ్మడి బాధ్యత

ఎగుమతి బియ్యం నాణ్యతను గురించిన చర్చ సాధారణంగా మిల్లు వద్ద మొదలై పరీక్షా ధ్రువపత్రంతో ముగుస్తుంది. నూకల శాతం, రంగు మారిన గింజలు, తేమ అన్నీ పరిమితులకు లోబడి ఉన్నాయని నమోదైన సరుకే కొన్ని వారాల తరువాత పరాయి రేవులో ముక్క వాసనతో, గడ్డకట్టిన బస్తాలతో దిగిన సందర్భాలు ఉన్నాయి. అప్పుడు మిల్లు యజమాని ధూమీకరణ చేసినవారిని, వారు ఓడ సిబ్బందిని, ఓడ యజమాని సరుకు పంపినవారిని తప్పుపట్టడం పరిపాటి. తమ పని సక్రమంగా జరిగిందనే పత్రం ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉంటుంది. ఆ పత్రాలన్నీ నిజమే అయి ఉండవచ్చు కూడా. సరుకు ఒకరి చేతి నుండి మరొకరి చేతికి మారే చోట జరిగే నష్టాన్ని మాత్రం అవి పట్టుకోలేవు.

కాకినాడ రేవును ఉదాహరణగా తీసుకొందాం. ఇక్కడి నుండి ఉప్పుడు బియ్యం, నూకలు పెద్ద ఎత్తున పశ్చిమాఫ్రికా దేశాలకు వెళ్తాయి. లోతైన నీటి రేవుతో పాటు ఇక్కడ లంగరు రేవు కూడా ఉంది. హోప్ ఐలాండ్ చాటున ఉన్న అఖాతంలో ఓడలు లంగరు వేసి నిలుస్తాయి. బస్తాలు లారీల నుండి బార్జీలలోకి, బార్జీల నుండి ఓడ హోల్డులలోకి చేరుతాయి. అంటే సరుకు ఆకాశం కింద కనీసం రెండుసార్లు చేతులు మారుతుంది. బార్జీ సగం ఖాళీ అయిన సమయంలో వాన వస్తే టార్పాలిన్ కప్పవలసినది ఎవరు, తడిసిన బస్తాలను వేరుచేయవలసినది ఎవరు, వేరుచేసిన వాటి నష్టం ఎవరిది అన్న ప్రశ్నలకు ముందే సమాధానం లేకపోతే తడిసిన బస్తా కూడా మిగిలిన వాటితో పాటు హోల్డులోకి దిగుతుంది.

అసలు చిక్కు ఓడ కదిలిన తరువాత మొదలవుతుంది. 14 శాతం తేమ ఉన్న 25,000 టన్నుల బియ్యంలో 3,500 టన్నుల నీరు ఉంటుంది. ఈ నీరు గింజలో కట్టుబడి ఉండదు. గింజకు, దాని చుట్టూ ఉన్న గాలికి మధ్య నిరంతరం మారుతూ ఉంటుంది. సుమారు 14 శాతం తేమ వద్ద బియ్యం మధ్యనున్న గాలి సాపేక్ష ఆర్ద్రత 70 శాతం పరిసరాల్లో ఉంటుంది. బూజు పెరుగుదలకు ఇది సరిహద్దు. సగటు తేమ 14 శాతం అన్న మాటకు ఇక్కడ విలువ తక్కువ. 13 శాతం బస్తాల మధ్య 16 శాతం బస్తాలు కొన్ని ఉన్నా సగటు చక్కగానే కనిపిస్తుంది. బూజు మాత్రం సగటును చూడదు, ఆ కొన్ని బస్తాలలోనే మొదలవుతుంది.

జూన్‌లో కాకినాడలో వేడిగా నింపిన బియ్యం దక్షిణార్ధగోళపు శీతాకాలంలో కేప్ ఆఫ్ గుడ్ హోప్‌ను చుట్టి వెళ్తుంది. బయటి గాలి, సముద్రజలం చల్లబడగానే ఓడ ఉక్కు పక్కలు, హాచ్ మూతల అడుగుభాగం చల్లబడతాయి. బియ్యం మాత్రం వేడిని నెమ్మదిగానే వదులుతుంది. వెచ్చని సరుకు నుండి లేచిన తేమ గాలి చల్లని ఉక్కును తాకి, తుషార స్థానం కన్నా చల్లబడి, నీటి బొట్లుగా మారి పై వరుస బస్తాలపై రాలుతుంది. నావికులు దీనిని ఓడ చెమట అంటారు. బస్తాలకు, ఉక్కుకు మధ్య వెదురు బద్దలు, చాపలు, క్రాఫ్ట్ కాగితం పరచడం దీనికోసమే. అయితే అవి బొట్టును అడ్డుకోగలవు కాని పుట్టకుండా ఆపలేవు. ఆపగలిగేది సరైన వేళలో గాలి ఆడించడమే. బయటి గాలి ఉష్ణోగ్రత, నింపినప్పటి సరుకు ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీల సెల్సియస్ తక్కువగా ఉన్నప్పుడు గాలి ఆడించాలన్నది ఓడలపై వాడుకలో ఉన్న సులభ సూత్రం. నింపేటప్పుడు సరుకు ఉష్ణోగ్రతను ఎవరూ కొలిచి రాయకపోతే ఆ సూత్రాన్ని పాటించడం సాధ్యం కాదు.

ఇక్కడే ధూమీకరణ అడ్డు వస్తుంది. ముక్కు పురుగు, ఎర్ర పెంకు పురుగుల నివారణకు అల్యూమినియం ఫాస్ఫైడ్ ఉంచి హోల్డులను మూసివేస్తారు. దాని నుండి వెలువడే ఫాస్ఫీన్ వాయువు నిదానంగా పనిచేస్తుంది. సుమారు వారం రోజులు, లోతైన హోల్డులలో అంతకన్నా ఎక్కువ కాలం గాలి ఆడకూడదు. అది సిబ్బందికి ప్రాణాంతకం కూడా కనుక కెప్టెన్ ఆ మూతల జోలికి పోడు. పురుగును చంపే ఈ వాయువు గింజలోని తేమను తగ్గించదు. కాకినాడ నుండి ఆఫ్రికా దక్షిణ తీరపు చల్లని జలాలకు చేరడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. కాబట్టి వెచ్చని జలాలలోనే ధూమీకరణ గడువు ముగిసేలా మోతాదును, కాలాన్ని నిర్ణయించి, ఆ తరువాత గాలి ఆడించవచ్చునని తేదీతో సహా రాసి ఇస్తే రెండు పనులూ సాగుతాయి. గడువు చెప్పకుండా గమ్యం చేరే వరకు తెరవవద్దని రాసి చేతులు దులుపుకొంటే పురుగు లేని బూజు బియ్యం దిగుతుంది. ధూమీకరణ నిపుణుడు, ఓడ చీఫ్ ఆఫీసరు, సరుకు పంపే వ్యాపారి ఒక గంటసేపు ఒకచోట కూర్చుంటే తీరే సమస్య ఇది.

కూర్చోనప్పుడు ఏమవుతుందో 2018 డిసెంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన వోల్కాఫె తీర్పు తెలుపుతుంది. 2012లో కొలంబియా నుండి ఉత్తర జర్మనీకి గాలి ఆడని కంటైనర్లలో, లోపల క్రాఫ్ట్ కాగితం పరచి, కాఫీ గింజలను పంపారు. వెచ్చని దేశం నుండి చల్లని దేశానికి చేరేసరికి కొన్ని బస్తాలు తడిసిపోయాయి. తేమను విడవడం కాఫీ గింజల సహజ స్వభావమని, సరుకులోని అంతర్గత లోపానికి తాము బాధ్యులం కామని రవాణా సంస్థ వాదించింది. హేగ్ నియమాలలో అటువంటి మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే తగిన జాగ్రత్త తీసుకొన్నామని, లేదా జాగ్రత్త తీసుకొన్నా నష్టం తప్పేది కాదని రుజువు చేయవలసిన భారం రవాణా సంస్థదేనని కోర్టు తేల్చింది. సరుకు స్వభావం ముందే తెలిసినప్పుడు దానికి తగిన ఏర్పాటు చేయడం కూడా రవాణాలో భాగమేనన్నది దీని సారాంశం. కాఫీకి వర్తించిన ఈ తర్కం బియ్యానికి వర్తించకపోవడానికి కారణం కనిపించదు.

సరుకు పంపేవారికి హెచ్చరిక అంతకుముందే ఉంది. 1957లో ఇంగ్లండు అప్పీలు కోర్టు ముందుకు నారింజ రసం పీపాల వివాదం వచ్చింది. పీపాలు పాతవి, కొన్ని కారుతున్నాయి. అయినా సరుకు మంచి స్థితిలో అందినట్లు మచ్చలేని బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వమని పంపినవారు కోరారు. నష్టం వస్తే తామే భరిస్తామని హామీపత్రం రాసి ఇచ్చారు. కొన్నవారికి అబద్ధం చెప్పడానికి ఇచ్చిన హామీ చెల్లదని కోర్టు తీర్పు చెప్పింది. తడిసిన బస్తాలను గూర్చి చీఫ్ ఆఫీసరు మేట్స్ రసీదులో రాయబోతే హామీపత్రం చూపి ఆపించడం నేటికీ మానని అలవాటు. ఓడ పక్షం, సరుకు పక్షం కలిసిపోవడం ఇందులోనూ ఉంది. కాని ఇది నాణ్యతకు జరిగే సహకారం కాదు.

ఇంతకూ తేమను తగ్గించడానికి మిల్లు ఎందుకు వెనుకాడుతుంది? 25,000 టన్నుల బియ్యాన్ని 14 నుండి 13 శాతానికి ఆరబెడితే సుమారు 287 టన్నుల బరువు తగ్గుతుంది. ధర బరువును బట్టి ఉన్నంతకాలం ఆ నీటికి కూడా బియ్యం ధరే వస్తుంది. ఆరబెట్టినవారికి ఇంధన ఖర్చు, బరువు నష్టం రెండూ మిగులుతాయి. దూరప్రయాణపు సరుకుకు ఒక నిర్ణీత తేమను ఆధారంగా తీసుకొని, అంతకన్నా పొడిగా ఉన్న బియ్యానికి ధర సవరించే షరతును అమ్మకపు ఒప్పందంలో చేరిస్తేనే ఈ నష్టాన్ని కొనుగోలుదారు కూడా పంచుకొంటాడు. సగటు తేమతో పాటు ఏ ఒక్క బస్తాలోనూ మించరాని గరిష్ఠ తేమను కూడా ఆ ఒప్పందంలోనే రాయాలి. మిల్లు, బార్జీ, హోల్డు – ఈ మూడు చోట్లా ఇరుపక్షాల సర్వేయర్లు కలిసి కొలిచిన తేమ, ఉష్ణోగ్రతల పట్టిక సరుకుతో పాటే ప్రయాణించాలి. ఓడ ఎంపికలోనూ వ్యాపారికి పాత్ర ఉంది. తక్కువ కిరాయికి దొరికిన పాత ఓడ హాచ్ మూతల రబ్బరు అంచులు నీటిని ఆపగలవో లేదో నింపకముందే అల్ట్రాసోనిక్ పరికరంతో పరీక్షించవచ్చు. ఆ పరీక్షకు అయ్యే ఖర్చును ఓడ యజమాని, కిరాయిదారు చెరిసగం భరించే ఏర్పాటును కిరాయి ఒప్పందంలోనే రాసుకోవచ్చు.