ఒకే పవర్.. అయినా ఆకుపచ్చ లైట్‌కే ఎక్కువ రీడింగ్.. లక్స్ మీటర్ మన కంటిలా ఎలా చూస్తుందంటే?

క్లాస్‌రూమ్‌లో, ఆఫీసులో వెలుగు సరిపోతోందా లేదా అని చూసేందుకు లక్స్ మీటర్ వాడతారు. టేబుల్ మీద పెడితే చాలు.. 300, 500 అంటూ అంకె చూపిస్తుంది. అయితే అది కొలిచేది లైట్ నుంచి వచ్చే మొత్తం శక్తిని కాదు. ఆ వెలుగు మన కంటికి ఎంతగా కనిపిస్తుందన్నదే దాని లెక్క. ఈ తేడా తెలియకపోతే రీడింగ్ చూసి పొరబడే ఛాన్స్ ఉంది.

కంటికి అన్ని రంగులూ ఒకటి కావు

పగటి వెలుగులో మన కన్ను చిలకపచ్చ రంగును, అంటే 555 నానోమీటర్ల కాంతిని అన్నిటికన్నా బాగా పట్టుకుంటుంది. అటు ఎరుపు వైపు, ఇటు నీలం వైపు వెళ్లేకొద్దీ ఆ సామర్థ్యం తగ్గిపోతుంది. ఒక వాట్ 555 నానోమీటర్ల కాంతి 683 ల్యూమెన్లతో సమానం. అదే ఒక వాట్ ఎరుపు కాంతి (650 నానోమీటర్లు) సుమారు 73 ల్యూమెన్లే. నీలం (450 నానోమీటర్లు) అయితే దాదాపు 26 మాత్రమే! చాలామంది కళ్లను పరీక్షించి రాబట్టిన ఈ లెక్కను అంతర్జాతీయ ప్రకాశ కమిషన్ (సీఐఈ) 1924లో ప్రామాణికంగా తీసుకుంది.

మీటర్‌కు ఆ చూపు ఎలా వస్తుంది?

మీటర్‌లో ఉండే సిలికాన్ సెన్సార్ తీరు వేరు. మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా అది బాగా పట్టేస్తుంది. అందుకే దాని ముందు ప్రత్యేక ఫిల్టర్ పెడతారు. ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపి, ఎరుపు, నీలాలను కన్ను చూసే మేరకే లోపలికి పంపడం ఈ ఫిల్టర్ పని.

తేడా ఎక్కడొస్తుంది?

చౌక మీటర్లలో ఈ ఫిల్టర్ కంటి తీరుకు సరిగ్గా సరిపోదు. సాధారణంగా మీటర్లను పాతకాలం ఫిలమెంట్ బల్బు తరహా కాంతితో సరిచేస్తారు. ఆ కాంతిలో నీలం తక్కువ. కానీ తెల్లటి ఎల్‌ఈడీల్లో 450 నానోమీటర్ల దగ్గర నీలం గట్టిగా ఉంటుంది. ఫిల్టర్ అక్కడ తప్పితే రీడింగ్ కూడా తప్పుతుంది. ఒకే రంగు లైట్లను కొలిస్తే తేడా ఇంకా పెరగొచ్చు. అందుకే మీటర్ కొనేటప్పుడు 'స్పెక్ట్రల్ మిస్‌మ్యాచ్' శాతం ఎంతో చూడాలి. అది ఎంత తక్కువుంటే అంత మంచిది. ఫోన్ యాప్‌లు చూపించే లక్స్‌ను అంచనాగానే తీసుకోవాలి.

మొక్కలకు ఈ లెక్క కుదరదు

ఇంట్లో గ్రో లైట్ పెట్టి మొక్కలు పెంచేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మొక్కలు ఎరుపు, నీలం కాంతిని బాగా వాడుకుంటాయి. లక్స్ మీటర్ మాత్రం వాటికే తక్కువ మార్కులు వేస్తుంది. రీడింగ్ తక్కువగా ఉందని లైట్ మార్చేస్తే డబ్బు దండగే. మొక్కల కోసమైతే పార్ మీటర్ వాడాలి. లక్స్ మీటర్ చెప్పేది మన కంటి సంగతి మాత్రమే.