పై కోర్టు కొట్టేసినా పర్మిట్ ఎందుకు రాదు?

మన దగ్గర తుపాకీ లైసెన్సు ప్రభుత్వం దయ. 1959 నాటి ఆయుధాల చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవాలి, అధికారి ఒప్పుకుంటే ఇస్తాడు, ఎన్నికలు వచ్చాయంటే ఆ తుపాకీని ఠాణాలో జమ చేయమంటారు. కిమ్మనకుండా జమ చేస్తాం. అమెరికాలో అలా కాదు. 1791లో రాజ్యాంగానికి చేర్చిన రెండో సవరణ వల్ల అక్కడ ఆయుధం ఒక హక్కు. హక్కు కాబట్టే ఊరికో కేసు, రాష్ట్రానికో వ్యాజ్యం. వాటి మధ్యలో సుప్రీంకోర్టు ఓ పెద్ద తీర్పు ఇచ్చిందనుకోండి, అప్పటికే కోర్టుల్లో నలుగుతున్న కేసులు, స్థానిక పోలీసు అధికారి షెరీఫ్ బల్ల మీద ఉన్న దరఖాస్తులు ఏమవుతాయి? చట్టాన్ని కొట్టేశారు కాబట్టి మర్నాడు అందరికీ పర్మిట్లు ఇచ్చేస్తారనుకుంటాం. అలా జరగదు. ప్రాజెక్టు గేట్లు ఎత్తినంత మాత్రాన శివారు ఆయకట్టుకు ఆ రోజే నీళ్లు అందవు కదా. పైనుంచి కిందికి వచ్చేది చాలాసార్లు జవాబు కూడా కాదు, కొత్త ప్రశ్న.

ఇంతకీ 2022లో సుప్రీంకోర్టు కొట్టేసిందేమిటి?

న్యూయార్క్‌లో వందేళ్లకు పైగా ఒక నిబంధన ఉండేది. పిస్తోలు దాచుకుని బయట తిరగడానికి అనుమతి కావాలంటే ‘తగిన కారణం’ చూపాలి. నా ప్రాణం నేను కాపాడుకోవాలి అంటే చాలదు, పక్కవాళ్లకు లేని ప్రత్యేకమైన ముప్పు నాకుందని రుజువు చేయాలి. వేటకు, గురి సాధనకు మాత్రమే లైసెన్సు దొరికిన ఇద్దరు, ఒక తుపాకీ యజమానుల సంఘం కలిసి కోర్టుకెక్కారు. అదే బ్రూయెన్ కేసు. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు 6–3 ఆధిక్యంతో ఆ నిబంధనను కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ క్లారెన్స్ థామస్.

ఆ తీర్పులో రెండు మాటలున్నాయి. పత్రికలు పట్టుకున్నది మొదటి మాటను: ప్రత్యేక కారణం అడగకూడదు. లాయర్లు పట్టుకున్నది రెండో మాటను. అంతకుముందు కింది కోర్టులు తుపాకీ చట్టాలను తూకం వేసి చూసేవి, ప్రజల భద్రత ఒకవైపు, హక్కు ఇంకోవైపు. ఇక ఆ తూకం వద్దన్నారు. ఇలాంటి ఆంక్ష ఈ దేశ చరిత్రలో ఉందా లేదా, అది చూడమన్నారు. మొదటి మాట ఆరేడు రాష్ట్రాల పర్మిట్లకే తగిలింది. రెండో మాట దేశంలో పెండింగ్‌లో ఉన్న ప్రతి తుపాకీ కేసుకూ తగిలింది.

కొట్టేయనిది కూడా చెప్పుకోవాలి. లైసెన్సు అనే పద్ధతిని కోర్టు ముట్టుకోలేదు. అర్హత ఉన్నవారందరికీ ఇచ్చి తీరాల్సిన రాష్ట్రాలు అప్పటికే 43 ఉన్నాయని లెక్క చెప్పి, నేపథ్య పరిశీలన, శిక్షణ లాంటి షరతులతో తమకు పేచీ లేదంది. తొమ్మిదో ఫుట్‌నోట్‌లో మాత్రం చిన్న మెలిక పెట్టింది: దరఖాస్తును ఏళ్లూ పూళ్లూ నానబెట్టినా, భరించలేనంత ఫీజు గుంజినా అడిగేందుకు దారి తెరిచే ఉంటుందని. ఆ తర్వాత పర్మిట్ ఆలస్యాల మీద పడిన దావాలకు ఊతం ఆ ఫుట్‌నోటే. 2025 సెప్టెంబరులో ఫెడరల్ న్యాయశాఖ లాస్ ఏంజెలిస్ కౌంటీ షెరీఫ్ మీద దావా వేసింది. దాదాపు నాలుగు వేల కొత్త దరఖాస్తులు వస్తే రెండే మంజూరు చేశారన్నది అందులోని ఆరోపణ.

మరి తీర్పు వచ్చాక బల్ల మీద ఉన్న దరఖాస్తుల సంగతి?

సుప్రీంకోర్టు ముందున్నది న్యూయార్క్ ఒక్కటే. అలాంటి నిబంధన ఉన్న మిగతా రాష్ట్రాలు తమ కేసు వచ్చేదాకా కూర్చోవచ్చా? కూర్చోలేదు, ఓడిపోతామని తెలుసు కాబట్టి. న్యూజెర్సీ అటార్నీ జనరల్ కార్యాలయం ఇక కారణం అడగొద్దని వెంటనే పోలీసులకు ఆదేశం పంపింది. కాలిఫోర్నియా మర్నాడే అదే మాట చెప్పింది. మేరీలాండ్ గవర్నర్ జులై 5న ఆ నిబంధనను పక్కన పెట్టమన్నాడు. పెండింగ్ దరఖాస్తులో ‘కారణం’ అన్న గడి ఒక్కటే పోయింది. వేలిముద్రలు, శిక్షణ, నడవడి విచారణ అన్నీ అలాగే ఉన్నాయి. చాలామంది బోల్తా పడింది ఇక్కడే. కోర్టు తీసేసింది ఒక అడ్డంకిని, ఇచ్చింది పర్మిట్‌ను కాదు.

న్యూయార్క్ ఇంకో దారి పట్టింది. వారం తిరక్కుండా శాసనసభ కూర్చుని జులై 1న కొత్త చట్టం చేసింది, సెప్టెంబరు 1 నుంచి అమలు. కారణం చూపక్కర్లేదు గానీ, 16 గంటల తరగతి పాఠాలు, 2 గంటల కాల్పుల సాధన, మంచివాడని చెప్పే నలుగురు, మూడేళ్ల సోషల్ మీడియా ఖాతాల వివరాలు కావాలి. అవన్నీ ఇచ్చి పర్మిట్ తెచ్చుకున్నా సబ్‌వేలోకి, పార్కులోకి, టైమ్స్ స్క్వేర్‌లోకి తుపాకీతో పోకూడదు. ముందు తలుపు దగ్గర ఓడిపోయి పెరటి తలుపుకు గడియ వేసుకున్నారని గిట్టనివాళ్లు అన్నారు. నా మట్టుకు నాకు అందులో ఆశ్చర్యమేమీ లేదు. కోర్టు ఒక షరతు పోవాలంది గానీ, షరతులే పెట్టొద్దనలేదు.

దాని మీద మళ్లీ దావాలు. ఫెడరల్ జిల్లా జడ్జి గ్లెన్ సుడబీ 2022 శరత్తులో ఆ చట్టంలోని చాలా భాగాల అమలు ఆపేశాడు. పైనున్న సెకండ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ ఆదేశం మీద స్టే ఇచ్చింది. స్టే తీసేయమని సుప్రీంకోర్టుకెళ్తే 2023 జనవరిలో అది వేలు పెట్టనంది. ఈ నెలల్లో పర్మిట్ జేబులో పెట్టుకున్నవాడి స్థితి చూడండి. ఏ వీధిలో తుపాకీతో నడవొచ్చో, ఏ గుమ్మం దాటితే నేరమవుతుందో జడ్జి ఆదేశాన్ని బట్టి మారిపోతోంది. 2023 డిసెంబరులో సెకండ్ సర్క్యూట్ సోషల్ మీడియా షరతును ఆపి, మిగతా చట్టాన్ని చాలావరకు నిలబెట్టింది. 2024లో సుప్రీంకోర్టు ఆ ఫైలును మళ్లీ చూడమని వెనక్కి పంపితే, అక్టోబరులో సెకండ్ సర్క్యూట్ దాదాపు అదే మాట మళ్లీ చెప్పింది.

ఈ ‘వెనక్కి పంపడం’ అంటే ఏమిటి?

అమెరికా లాయర్లు దీన్ని జీవీఆర్ అంటారు. అప్పీలు స్వీకరించడం, కింది తీర్పు రద్దు చేయడం, ఫైలు తిప్పి పంపడం, మూడూ ఒకే వాక్యంలో అయిపోతాయి. వాదనలుండవు, వివరణా ఉండదు. మేము కొత్త తీర్పు ఇచ్చాం, దాని వెలుగులో మళ్లీ చూడండి అనడమే. బ్రూయెన్ వచ్చిన వారానికే, 2022 జూన్ 30న, నాలుగు తుపాకీ కేసులను ఇలా పంపారు. అప్పీలు వేసినవాళ్లు గెలిచామని పండగ చేసుకున్నారు. తొందరపడ్డారనే చెప్పాలి.

ఆ నాలుగింటిలో ఒకటి కాలిఫోర్నియాది, డంకన్ వర్సెస్ బాంటా. పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్ ఇంట్లో ఉంచుకోకూడదని 2016లో అక్కడి ఓటర్లు చేసిన చట్టం మీద 2017లో మొదలైంది. 2019 మార్చి 29న జిల్లా జడ్జి రోజర్ బెనితెజ్ నిషేధాన్ని కొట్టేశాడు. అప్పీలు తేలేదాకా తన ఆదేశాన్ని తనే ఆపాడు, ఏప్రిల్ 5 సాయంత్రం 5 గంటల నుంచి. మధ్యలో వారం రోజులు దొరికాయి. ఆ వారంలో కాలిఫోర్నియన్లు పెట్టెలకు పెట్టెలు మ్యాగజైన్లు తెప్పించుకున్నారు, దానికి ‘ఫ్రీడమ్ వీక్’ అని పేరూ పెట్టుకున్నారు. ఆ వ్యవధిలో కొన్నవాళ్లకు రక్షణ ఉంటుందని స్టే ఉత్తర్వులోనే రాశారు. వాళ్లూ, మర్నాడు కొన్నవాడూ కొన్నది ఒకే వస్తువు. ఒకరికి కోర్టు రక్షణ, ఇంకొకరికి నేరం.

2020లో అప్పీలు కోర్టులోని ముగ్గురు జడ్జీల బెంచి బెనితెజ్‌నే సమర్థించింది. 2021లో నైన్త్ సర్క్యూట్ విస్తృత ధర్మాసనం 7–4తో తిరగేసింది. 2022లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి పంపింది. ఫైలు మళ్లీ బెనితెజ్ బల్ల మీదికే వచ్చింది. 2023 సెప్టెంబరులో ఆయన మళ్లీ కొట్టేశాడు. 2025 మార్చి 20న విస్తృత ధర్మాసనం మళ్లీ 7–4తో చట్టాన్ని నిలబెట్టింది. ఎనిమిదేళ్లయింది. కోర్టు వేసుకోవాల్సిన ప్రశ్న పూర్తిగా మారింది, జవాబు మాత్రం మారలేదు. జీవీఆర్ వచ్చిందంటే పరీక్ష మళ్లీ రాయమన్నారనే గానీ పాసయ్యారని కాదు.

నేరం కేసుల్లోనూ ఇంతేనా?

అక్కడ ఇంకా ఒడిదుడుకులు. గృహహింస రక్షణ ఉత్తర్వు ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోకూడదని ఒక ఫెడరల్ చట్టం ఉంది. దాని కింద టెక్సస్‌లో రహిమీ అనే అతనికి శిక్ష పడింది. ఫిఫ్త్ సర్క్యూట్ 2022 జూన్ మొదట్లో ఆ శిక్షను ఖాయం చేసింది. రెండు వారాలకు బ్రూయెన్ వచ్చింది. తను రాసిన తీర్పును ఫిఫ్త్ సర్క్యూట్ తనే వెనక్కి తీసుకుని, మళ్లీ వాదనలు రాయించుకుని, ఇలాంటి ఆంక్ష చరిత్రలో కనబడలేదంటూ 2023లో అసలు చట్టమే చెల్లదంది. ప్రభుత్వం పైకెళ్లింది. 2024 జూన్ 21న సుప్రీంకోర్టు 8–1తో చట్టం చెల్లుతుందని తేల్చింది. పాతకాలంలో అచ్చుగుద్దినట్టు అదే ఆంక్ష ఉండనక్కర్లేదు, దాని వెనకున్న సూత్రం కలిస్తే చాలని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశాడు. ఒప్పుకోని ఒకే ఒక్కరు, బ్రూయెన్ రాసిన థామసే. అప్పటిదాకా అక్షరాలా జోడీ వెతుకుతూ తీర్పులిచ్చిన కింది కోర్టుల ఫైళ్లు మరో దఫా కదిలాయి.

నిందితుడికి ఇందులో అక్కరకొచ్చేది ఒక్కటే: తన కేసు ఏ మెట్టు మీద ఉందో. అప్పీలు ఇంకా తేలకపోతే కొత్త రాజ్యాంగ సూత్రం అతనికీ వర్తిస్తుంది. ఇది 1987లో గ్రిఫిత్ కేసులో స్థిరపడింది. అప్పీళ్లన్నీ అయిపోయి శిక్ష ఖాయమైపోతే దారి ఇరుకు. ఆ పనిని నేరమనే అధికారమే ప్రభుత్వానికి లేదని తేలితే తప్ప పాత తీర్పును కదిలించడం కష్టం, పైగా గడువులుంటాయి.

అసలు ముల్లు ఇంకోటి ఉంది. కింది కోర్టులో ఆ అభ్యంతరం నోరు తెరిచి చెప్పారా లేదా? న్యూయార్క్‌లో కొందరు నిందితులు, బ్రూయెన్ రాకముందు మేమెలా అడుగుతాం, అప్పటి చట్టం మాకు వ్యతిరేకం కదా అన్నారు. అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2023 నవంబరులో ఒప్పుకోలేదు. ఓడిపోతామని తెలిసినా అడిగి ఉండాల్సింది, మీ ముందువాళ్లు అడిగారు కాబట్టే ఈ తీర్పు వచ్చింది అన్నట్టుగా తేల్చింది. కటువే. అయినా లాయర్లు గెలవని వాదనను సైతం ఒక పేరాలో రాసి పెట్టేది ఇందుకే.

పక్క రాష్ట్రంలో గెలిస్తే మనకూ చెల్లదా?

చెల్లదు. సుప్రీంకోర్టు మాట దేశమంతా చెల్లుతుంది, అప్పీలు కోర్టు మాట తన పరిధిలోని రాష్ట్రాలకే. 18 నుంచి 20 ఏళ్లవాళ్లకు డీలర్లు పిస్తోలు అమ్మకూడదన్న ఫెడరల్ నిషేధం చెల్లదని 2025 జనవరిలో ఫిఫ్త్ సర్క్యూట్ అంది. అదే ఏడాది జూన్‌లో వర్జీనియా ఉన్న ఫోర్త్ సర్క్యూట్ చెల్లుతుందంది. దేశం ఒకటే, చట్టం ఒకటే, మాట రెండు.

దీనికి తోడు, గెలుపు ఫలం ఎవరికి? పుట్టుకతో పౌరసత్వం గురించిన కేసును మన హెచ్1బీ కుటుంబాలు ఊపిరి బిగబట్టి చూశాయి కదా. అందులో 2025 జూన్ 27న సుప్రీంకోర్టు, కింది జడ్జి దేశమంతటికీ వర్తించే నిషేధాజ్ఞ ఇవ్వకూడదంది, దావా వేసినవాళ్లకు కావలసినంతే ఇవ్వాలంది. ఆ మాట తుపాకీ కేసులకూ తగులుతుంది. దావా వేసిన సంఘంలో సభ్యుడైతే ఊరట, కాకపోతే పాత చట్టమే. తుపాకీ సంఘాలు తమ సభ్యులందరి తరఫునా దావాలు వేయడంలోని కిటుకు ఇదే.

ఒక్కోసారి కేసు తీర్పుదాకా రానే రాదు. లైసెన్సున్న పిస్తోలును నగరం దాటి తీసుకెళ్లకూడదని న్యూయార్క్ నగరంలో ఒక నియమం ఉండేది. దాన్ని సుప్రీంకోర్టు విచారణకు తీసుకోగానే నగరం నియమాన్ని సడలించేసింది. ఇక తేల్చాల్సిందేమీ లేదని 2020 ఏప్రిల్‌లో కోర్టు ఫైలు మూసేసింది. ఫిర్యాదుదారుకు కావలసింది దక్కింది, పక్కవాడికి వాడుకోడానికి తీర్పు దక్కలేదు.

మనవాళ్లకు ఇందులో పట్టింపు ఎంత?

హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టమే ఉంది, వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులతో. బ్రూయెన్ ఆ చట్టాన్ని రద్దు చేయలేదు. హక్కని తీర్పొచ్చింది కదా అని స్నేహితుడి తుపాకీ ఇంట్లో పెట్టుకుంటే వీసాకే ఎసరు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల మాట వేరు.

గ్యాస్ స్టేషనో మోటెలో నడిపేవాళ్లకు పట్టే కేసు ఇంకొకటి. పర్మిట్ ఉన్నవాడైనా దుకాణంలోకి తుపాకీతో రావాలంటే యజమాని ముందే స్పష్టంగా ఒప్పుకోవాలని హవాయి చట్టం. నైన్త్ సర్క్యూట్ దాన్ని నిలబెట్టింది. న్యూయార్క్ చేసిన అలాంటి నియమాన్నే, జనం వచ్చిపోయే చోట్ల మటుకు, సెకండ్ సర్క్యూట్ ఒప్పుకోలేదు. హవాయి కేసును సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో విచారణకు తీసుకుంది. అలాంటి నియమం ఉన్న రాష్ట్రాల ఫైళ్లన్నీ దాని వైపే చూస్తాయి. దుకాణదారుడు మాత్రం దాని కోసం ఆగక్కర్లేదు. తుపాకీతో రావద్దనీ రావచ్చనీ ఏ బోర్డైనా పెట్టుకునే అధికారం అతనికి ఎటూ ఉంది. ఆ కేసులో నలుగుతున్నది ఏ బోర్డూ లేని దుకాణం సంగతి.