కలసి నడచుట

గోదావరి సీమలో స్త్రీలు కాలువగట్ల వెంట నిత్యమును నడతురు. కాని ఆ నడక నీటికో, పొలము పనికో, సంతకో! తమ సంతోషమునకై నడచు దినములు వారికి కొన్నియే. అట్టివానిలో కార్తిక పూర్ణిమ యొకటి. ఆనాడు అన్నవరమున, పంపానది చెంతనున్న రత్నగిరికి వేలకొలది జనులు ప్రదక్షిణము చేయుదురు. అందు స్త్రీలెందఱో! ఒంటరిగా వెళ్ల జంకునామెయు తోడివారితో కూడి నిర్భయముగా నడచును. అవ్వ అలసినచో మనుమరాలు ఆగును. మాటలలో దూరము తెలియదు. ఒక్కొక్కప్పుడు ఊరకుక్కయు వెంటవచ్చును. మహాప్రస్థానమున తన్ను వెంబడించిన శునకమును ధర్మరాజు విడువలేదు కదా!

పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషములు, చుఱుకైన నడకవంటి వ్యాయామము వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది. కావున ఏడాదికి ఒక్క దినము చాలదు. బాలలారా! ఇంటిపనిలో కొంత మీరు పంచుకొనుడు. మీ తల్లికి నడచుటకు తీరిక కలుగును.