మంచు దేశంలో మన పిల్లలు – కారు టైర్ల విషయం

ఆసుపత్రి పత్రికలో కారు టైర్ల గురించి వ్రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని మన సంఘంలో ఒక్క బిడ్డయినా విదేశంలో లేని కుటుంబాలు ఇప్పుడు తక్కువే. మా వద్ద నర్సింగ్ చదివిన ఆడపిల్లలే కొందరు అమెరికాలో, కెనడాలో, ఈ మధ్య జర్మనీలో కూడా పని చేస్తున్నారు. ఆగస్టులో పై చదువులకు వెళ్ళే పిల్లలకు ఆవకాయ, కారప్పొడి, కుక్కరు, స్వెట్టర్లు, జ్వరం మాత్రలు అన్నీ సర్ది పంపుతాం. మూడు నెలలు తిరిగేసరికి వాళ్ళు అక్కడ ఒక పాత కారు కొంటారు. ఎంతకు కొన్నావు, ఎంత తిరిగింది, మైలేజి ఎంత ఇస్తుంది అని ఇక్కడనుండి అడుగుతాం. టైర్లు ఏవి అని మాత్రం ఎవరమూ అడగము. మొదటి చలికాలం రాకముందే అడగవలసిన ప్రశ్న అదే అని మా అభిప్రాయం.

అమెరికా ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ ఎక్కువగా రాత్రి 7 నుండి ఉదయం 7 వరకు, పన్నెండు గంటలు ఉంటుంది. డ్యూటీ దిగి నిద్ర కళ్ళతో కారెక్కే ఆ వేళకే రోడ్డు బాగా చల్లబడి ఉంటుంది. మా పూర్వ విద్యార్థిని ఒకరు అక్కడ మొదటి చలికాలంలో అలాగే ఇంటికి వెళ్తూ స్టాప్ బోర్డు దగ్గర బ్రేకు నొక్కింది. బ్రేకు పనిచేసింది, కారు మాత్రం ఆగలేదు. మెల్లగా జారుతూ కూడలి మధ్యకు పోయి, ప్రక్క నుండి వచ్చిన బండికి తగిలింది. కాలర్ బోన్ విరిగి ఆరు వారాలు డ్యూటీకి పోలేకపోయింది. ఆ ఫోను వచ్చినప్పుడు ఇక్కడ వాళ్ళమ్మగారు మా మెడికల్ వార్డులో షుగరుకు చికిత్స పొందుతున్నారు. ఆ రాత్రి ఆమెకు బి.పి. దిగలేదు. తరువాత తెలిసిందేమంటే, ఆ టైర్లు అరిగినవి కావు, దాదాపు కొత్తవే. కాని అవి ఆల్ సీజన్ టైర్లు. కారు అమ్మిన వ్యక్తి అన్ని కాలాలకూ పనికివస్తాయన్నాడట. పేరులోనే ఉన్నది గదా అని ఆ అమ్మాయి నమ్మింది.

ఏడు డిగ్రీల దగ్గర ఏమి జరుగుతుంది?

టైరు రోడ్డును పట్టుకొనేది దాని రబ్బరు మెత్తదనంతోనే. రోడ్డు మీది చిన్న చిన్న ఎగుడుదిగుడుల్లోకి రబ్బరు ఒదిగితేనే పట్టు దొరుకుతుంది. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే గట్టిపడుతూ పట్టు కోల్పోతుంది. మా టీకాల ఫ్రిజ్‌ను మేము 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచుతాం. టైరు బిగుసుకోవడానికి ఆ ఫ్రిజ్ లోపలి చలి చాలు, మంచు పడనక్కరలేదు. విన్నిపెగ్, మినియాపోలిస్ వంటి ఊళ్ళలో జనవరిలో సున్నాకు ఇరవై డిగ్రీల క్రిందికి పోవడం మామూలే. అరిగిన హవాయి చెప్పులతో తడి బాత్‌రూములో నడిస్తే ఎలా ఉంటుందో, తుంటి ఎముక విరిగి మా వార్డుకు వచ్చే పెద్దలను అడగండి, చెప్తారు.

వింటర్ టైరుకు రబ్బరు మిశ్రమమే వేరు. ఎంత చలిలోనూ మెత్తగా ఉండేటట్లు చేస్తారు. గాడులు లోతుగా ఉంటాయి. వాటిలో మంచు కూరుకొంటుంది, ఆ మంచు రోడ్డు మీది మంచును పట్టుకొంటుంది. గాడుల మధ్య ఉన్న రబ్బరు దిమ్మల మీద బ్లేడుతో కోసినట్లు సన్నని చీలికలు వందల కొద్దీ ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు ఆ చీలికల అంచులు విచ్చుకొని రోడ్డును గీరి పట్టుకొంటాయి.

ఇక్కడ మాటతో ఒక చిక్కున్నది. మనం పొగమంచునూ మంచే అంటాం, లంబసింగిలో గడ్డి మీద తెల్లగా పేరుకొన్నదీ మంచే, హిమాలయాల మీదిదీ మంచే. "ఇక్కడ మంచు పడుతోందమ్మా" అని పిల్లవాడు ఫోనులో చెప్తే, దారి కనబడదేమో, లైట్లు వేసుకొని నెమ్మదిగా వెళ్ళు నాయనా అంటాం. అక్కడి అసలు ప్రమాదం కళ్ళ ముందు కాదు, చక్రాల క్రింద ఉంటుంది. అందులోనూ బ్లాక్ ఐస్ అనేది మరీ మోసం. రోడ్డు మీద అద్దంలా పరచుకొన్న పలుచని మంచుగడ్డ అది. నల్లని రోడ్డు దాని గుండా కనబడటం వల్ల తడి రోడ్డేలే అనుకొంటారు. వంతెనల మీద క్రింద నుండి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి అక్కడ ముందుగా గడ్డ కడుతుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు బ్రేకు వేశాక పొడి రోడ్డు మీద రమారమి 15 మీటర్లలో ఆగుతుంది. బండ్లు తొక్కి గట్టిపడిన మంచు మీద 40, 50 మీటర్లు కావచ్చు. ఐస్ మీద 100 మీటర్ల దాకా పోవచ్చు. మంచి టైరు ఈ దూరాన్ని తగ్గిస్తుంది, పొడి రోడ్డుతో సమానం మాత్రం చేయలేదు.

ఏ గుర్తు చూడాలి?

టైరు ప్రక్క భాగంలో రెండు రకాల గుర్తులు ఉంటాయి. ఒకటి ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు. బురద, మంచు అని దాని అర్థం. గాడుల ఆకారాన్ని బట్టి తయారీదారు వేసుకొనే గుర్తే గాని, దీని వెనుక మంచులో చేసిన పరీక్ష ఏదీ ఉండనక్కరలేదు. చాలా ఆల్ సీజన్ టైర్ల మీద ఇదే ఉంటుంది. రెండవది మూడు శిఖరాల పర్వతం, దాని లోపల ఆరు కొమ్మల మంచు రేకు. ఇది 1999లో ఉత్తర అమెరికాలో వచ్చిన గుర్తు. మంచు మీద పరీక్షించి, నిర్ణయించిన మేరకు పట్టు చూపినదానికే ఈ గుర్తు వేస్తారు. కొనేటప్పుడు ఈ పర్వతం గుర్తు తప్పనిసరిగా చూడాలి. అయితే అమెరికా పరీక్ష మంచు మీద కారు ముందుకు కదలడాన్ని చూస్తుంది, ఐస్ మీద ఆగడాన్ని కాదు. అందుచేత గుర్తు ఉన్నది గదా అని వేగం పెంచరాదు.

పర్వతం గుర్తు ఉండి సంవత్సరమంతా వాడుకోగల ఆల్ వెదర్ టైర్లు కూడా దొరుకుతున్నాయి. ఆల్ సీజన్, ఆల్ వెదర్ అని పేర్లు దగ్గరగా ఉండటంతో జనం పొరబడుతున్నారు. న్యూజెర్సీ, సియాటిల్ వంటి చోట్ల, అపార్ట్‌మెంటులో రెండవ జత టైర్లు పెట్టుకొనే స్థలం లేనివారికి ఆల్ వెదర్ చాలునని మేము అనుకొంటున్నాము. మిన్నెసోటా, మిషిగన్, మానిటోబా, అల్బర్టా వైపు ఉన్నవారు నిజమైన వింటర్ టైర్లే వేసుకోవాలి. డాలస్, హ్యూస్టన్, అట్లాంటాలో ఉన్న పిల్లలకు ఈ ఖర్చు అక్కరలేదు. ఎప్పుడో ఒకరోజు అక్కడ ఐస్ పడితే ఆ రోజు కారు తీయకుండా ఇంట్లో ఉండటమే మేలు.

నాలుగూ మార్చాలి

డబ్బు మిగులుతుందని రెండే కొనేవారు ఉన్నారు. ఇది చాలా అపాయం. ముందు చక్రాలకు మాత్రమే వేస్తే ముందుభాగం పట్టుకొంటుంది, వెనుకభాగం జారుతుంది, మలుపులో కారు గిర్రున తిరిగిపోతుంది. వెనుకకు మాత్రమే వేస్తే స్టీరింగు తిప్పినా కారు తిన్నగా పోతుంది.

మాది ఆల్ వీల్ డ్రైవ్ కారు, మాకెందుకు అనే మాట కూడా తరచుగా వింటున్నాం. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందితే కారు మంచులో నుండి సులువుగా కదులుతుంది. ఆగేటప్పుడు ఆ శక్తితో పని లేదు. ప్రతి కారుకూ నాలుగు చక్రాలకు బ్రేకులు ఉండనే ఉంటాయి, వాటికి పట్టు ఇవ్వవలసింది టైర్లే. సులువుగా కదిలినందువల్ల ధైర్యం వచ్చి వేగంగా పోతారు, అదొక చిక్కు. పెద్ద కారుకు పెట్టే అప్పులో కొంత తగ్గించుకొని చిన్న కారుకు నాలుగు మంచి టైర్లు వేసుకొన్నవారే తెలివైనవారు.

సైజు విషయంలో షాపువారి మాట కంటే, డ్రైవరు తలుపు తెరిస్తే అంచున అంటించి ఉండే కాగితం చూసుకోమనండి. 215/60 ఆర్ 16 అన్నట్లు సైజు, వేయవలసిన గాలి రెండూ అందులో ఉంటాయి. సెకండ్ హ్యాండు టైర్లు చవకగా వస్తాయి. అప్పుడు డి.ఓ.టి. అని ఉన్నచోట చివరి నాలుగు అంకెలు చూడాలి. 3822 అని ఉంటే 2022వ సంవత్సరం 38వ వారంలో తయారైనదని అర్థం. వాడకపోయినా రబ్బరు ఏళ్ళతో పాటు గట్టిపడుతుంది. ఆరేళ్ళు దాటినది ఎంత కొత్తగా కనబడినా మంచుకు వద్దు. చట్టం చాలాచోట్ల 1.6 మిల్లీమీటర్ల లోతు వరకు ఒప్పుకొంటుంది గాని, మంచులో 4 మిల్లీమీటర్ల కంటే తక్కువ లోతుంటే వింటర్ టైరుకూ బలం తగ్గిపోతుంది. మేకులు కొట్టిన టైర్ల గురించి అడిగారు కొందరు. జర్మనీలో, దక్షిణ ఒంటారియోలో అవి నిషేధం, కాబట్టి తెలుసుకోకుండా కొనరాదు.

చట్టాలు కూడా దేశానికొక తీరు. కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. ఒంటారియోలో చట్టం లేదు గాని, వేసుకొన్నవారికి ఇన్సూరెన్సు కంపెనీలు తగ్గింపు ఇవ్వాలని 2016 నుండి నియమం ఉన్నది. అడిగి తీసుకోవాలి. జర్మనీలో తేదీ లేదు, రోడ్డు మీద మంచు గాని ఐస్ గాని ఉంటే ఉండి తీరాలి. 2024 అక్టోబరు నుండి అక్కడ పర్వతం గుర్తు ఉన్నవే లెక్కకు వస్తాయి, లేకుంటే 60 యూరోల జరిమానా. అక్టోబరు నుండి ఈస్టరు వరకు అని అక్కడివారు గుర్తు పెట్టుకొంటారు. మొదటి మంచు పడ్డాక షాపుల దగ్గర వరుస పెరిగి రోజుల తరబడి ఆగవలసి వస్తుంది, కనుక ముందే వేయించుకోవాలి.

చలికి గాలి పీడనం కూడా తగ్గుతుంది. దాదాపు ప్రతి ఐదారు డిగ్రీలకు ఒక పి.ఎస్.ఐ. చొప్పున పడిపోతుంది. నెలకొకసారి, బండి నడపకముందు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి.

నర్సులుగా మరొక్క మాట చెప్పాలి. టైరు ఎంత మంచిదైనా కారు మంచులో కూరుకుపోవచ్చు. అప్పుడు చలికి ఇంజను ఆన్ చేసి హీటరు వేసుకొని లోపల కూర్చుంటారు. వెనుక పొగగొట్టం మంచుతో మూసుకొని ఉంటే కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, మత్తు, వాంతి వచ్చినట్లు ఉండి, నిద్రలోనే ప్రాణం పోవచ్చు. ముందుగా దిగి పొగగొట్టం చుట్టూ మంచు తీసివేయాలి, అప్పుడే ఇంజను వేయాలి. ఒక పార, ఒక దుప్పటి, ఫోను ఛార్జరు డిక్కీలో ఉంచుకోమని చెప్పండి.

నాలుగు టైర్లకు కొన్ని వందల డాలర్లు అవుతాయి, మొదటి సంవత్సరం విద్యార్థికి అది బరువే. అయితే చలికాలం ఒక జత, ఎండాకాలం ఒక జత తిరుగుతాయి గనుక ప్రతి జతా ఎక్కువ సంవత్సరాలు వస్తుంది. వసంతంలో ఎండ ముదరగానే వింటర్ టైర్లు తీసివేయాలి, వేడి రోడ్డు మీద ఆ మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోతుంది. విడిగా నాలుగు ఇనుప రిమ్ములు కొని టైర్లు వాటికే ఉంచేస్తే ప్రతిసారీ మార్చడం సులువు. మార్చిన తరువాత సుమారు 100 కిలోమీటర్లు తిరిగాక వీలు నట్లు మరొకసారి బిగింపించాలి.

ఈసారి వీడియో కాల్ చేసినప్పుడు ఫోను టైరు ప్రక్కగా చూపించమనండి. పర్వతం గుర్తు ఉన్నదీ లేనిదీ ఇక్కడ కూర్చొని మీరే చూడవచ్చు.