బరువు బండి మలుపులో ఏల ఒరుగును?

నెల్లూరు తీరమున ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు ప్రాంతములందు రొయ్యల సాగు విస్తారముగా జరుగుచున్నది. చెరువున పట్టిన రొయ్య మంచుగడ్డల నడుమ సర్దబడి, చెడిపోక ముందే కర్మాగారము చేరవలెను. చెరువు గట్టు నుండి 16వ నంబరు జాతీయ రహదారి వరకు ఈ భారమును మోయునవి ఎక్కువగా చిన్న పికప్ బండ్లే. 2005లో వచ్చిన టాటా ఏస్ బండికి జనులు ముద్దుగా ‘ఛోటా హాథీ’ అని పేరు పెట్టుకొనిరి. ఏనుగు చిన్నదే కాని, దానిపై వేయు బరువు చిన్నది కాదు.

ఈ బండ్లు నడచు దారులు పలుచోట్ల కాలువ గట్లపై సాగును. దారి ఇరుకు, మలుపులు అనేకము, ప్రక్కనే నీరు. ఇట్టిచోట బండి బోల్తాపడిన సరుకు పోవుటయే కాదు, సరుకుపై కూర్చున్న కూలీల ప్రాణములకే ముప్పు. కావున బండి ఒరుగుటకు కారణమేమి, దానిని తగ్గించు ఉపాయములేవి, ఆ ఉపాయములకు హద్దు ఎచ్చట అను మూడు విషయములను ఇచ్చట వివరింపదలచితిమి.

మలుపు తిరుగునప్పుడు నేలను పట్టియున్న టైర్లు బండిని మలుపు లోపలికి త్రోయును. పైనున్న బరువు మాత్రము తిన్నగా పోవలెనని చూచును. క్రింద ఒక వైపు, పైన మరొక వైపు లాగుటచే బండి పైభాగము వెలుపలికి వాలును. వెలుపలి స్ప్రింగులు అణగును, లోపలివి సాగును. ఈ బలము వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 30 కిలోమీటర్ల వేగము 60 అయినచో ఒరగదోయు బలము రెండింతలు కాదు, నాలుగింతలు.

వెనుక ఇరుసుపై బండిని మోయునది కమాను కట్ట. ‘కమాన్’ అనగా ఉర్దూలోను, పారసీకములోను విల్లు. వంపు తిరిగిన ఉక్కు పట్టీల కట్టకు ఇంతకంటె తగిన పేరు లేదు. అయితే ఈ కట్టలు చక్రముల వద్ద గాక, వానికి లోపలగా అమర్చబడును. చక్రముల నడుమ 1.4 మీటర్లు, కట్టల నడుమ 1 మీటరు దూరమున్నదనుకొందము. ఒరుగుడును ఆపు శక్తి ఈ దూరపు వర్గమును బట్టి యుండును గనుక, చక్రముల వద్దనే అమర్చినచో లభించెడి శక్తిలో ఇంచుమించు సగమే దక్కును. ఎంత బరువు మోయగల కమాను కట్టయైనను మలుపులో ఒరుగుటకు ఇది ఒక కారణము.

దీనికి మొదట తోచు ఉపాయము మరొక పట్టీ చేర్చుట. ఒరుగుడు తగ్గును, నిజమే. కాని నిలువు బిరుసుదనము కూడ పెరుగుటచే, ఖాళీ బండి గతుకులపై ఎగిరి, టైరు నేలపై పట్టు తప్పును. షాక్ అబ్జార్బర్లు ఊపు వేగమును అణచును. బండి కుడి ఎడమలకు ఊగులాడుచున్నప్పుడు అవి మేలు చేయును గాని, సుదీర్ఘమైన మలుపులో తుదకు ఎంత ఒరగవలెనో అంతయు ఒరుగనే ఒరుగును.

ఈ చిక్కును విప్పినది యాంటీ రోల్ బారు. కెనడా దేశస్థుడైన స్టీఫెన్ కోల్మన్ 1919లో దీనికి పేటెంటు పొందెను. ఇది రెండు ప్రక్కలను కలుపు ఉక్కు కడ్డీ. రెండు చక్రములు ఒకేసారి లేచినచో ఇది ఊరక తిరుగును. ఒకటి లేచి మరొకటి దిగినప్పుడే మెలిపడి ఎదిరించును. దీని బిరుసుదనము మందము యొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. 20 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 22 మిల్లీమీటర్లది వేసినచో బలము 46 శాతము హెచ్చును. అయితే వెనుక మాత్రమే అతిగా బిగించిన బండి తడి రోడ్డుపై తోక విసరును. ముందు మాత్రమే బిగించినచో మలుపు తిరుగుటకు మొరాయించును.

ఇక హద్దు సంగతి. ఒరుగుడు తగ్గుట వేరు, బోల్తా ముప్పు తగ్గుట వేరు. బోల్తాకు ముఖ్యముగా లెక్కకు వచ్చునవి చక్రముల నడిమి దూరము, గురుత్వ కేంద్రపు ఎత్తు. 40 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును తీసికొందము. చక్రముల నడుమ 1.4 మీటర్లు ఉండి, గురుత్వ కేంద్రము 1 మీటరు ఎత్తున నున్నచో, లెక్క ప్రకారము గంటకు సుమారు 60 కిలోమీటర్ల వద్ద లోపలి చక్రము లేచును. క్రేట్లు ఎత్తుగా పేర్చుటచే ఆ కేంద్రము 1.4 మీటర్లకు చేరినచో 50 కిలోమీటర్లకే లేచును. స్ప్రింగులు అణగుట, నీటి తొట్టెలలో నీరు ఒక ప్రక్కకు పొర్లుట వలన వాస్తవమున అంతకు ముందే ముప్పు వచ్చును. బిగువైన కడ్డీ ఈ హద్దును కొద్దిగానే జరుపును. పైగా ఒరుగుడు డ్రైవరుకు ఒక హెచ్చరిక. ఆ హెచ్చరిక తగ్గినదని వేగము పెంచువాడు, చేయించిన మరమ్మతునే తనకు శత్రువుగా చేసికొనును.

కావున పని చేయవలసిన వరుస ఇది. మొదట అరిగిన బుష్షులు, వదులైన యూ బోల్టులు, విరిగిన పట్టీలు, టైర్ల గాలి పరీక్షింపవలెను. రెండవది, బరువును క్రిందుగా, నడుమగా సర్ది కట్టవలెను. దీనికి కానీ ఖర్చు లేదు. మూడవది, పాడైన షాక్ అబ్జార్బర్లు మార్చవలెను. ఆ పిమ్మటనే తగిన కడ్డీ. పట్టీ చేర్చుట అన్నిటికంటె చివరిది. పట్టీ చేర్చినంత మాత్రమున అధిక బరువునకు అనుమతి లభింపదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను తయారీదారు నిర్ణయించిన వివరములకు విరుద్ధమైన మార్పులను నిషేధించుచున్నది. 2019 సవరణ ప్రకారము అధిక బరువునకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా.

మన విద్యార్థులలో డ్రైవర్ల, మెకానిక్కుల, రొయ్య రైతుల బిడ్డలు ఉండకపోరు. తరగతిలో చదువు భ్రామకము, గురుత్వ కేంద్రము అను మాటలు వారి ఇంటి ముంగిట నిలిచిన బండిలోనే ఉన్నవి. ఆ లెక్కను ఇంటివారికి వివరించి, సరుకుపై మనుష్యులను ఎక్కింపవద్దని ఒక్క మాట చెప్పగలిగినచో, ఆ చదువు ఒక ప్రాణమును నిలిపినదగును.