పటం ముందు... కథ తర్వాత!

1881 వేసవి చివర. స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో ఒకటే వాన. ఇంట్లోనే ఉండిపోయిన పదమూడేళ్ల లాయిడ్‌ రంగులతో బొమ్మలేస్తుంటే, సవతి తండ్రి రాబర్ట్‌ లూయీ స్టీవెన్సన్‌ కూడా కుంచె పట్టాడు. ఓ దీవి పటం గీసి కొండలకీ, రేవులకీ పేర్లు పెట్టాడు. ఆ గీతల మధ్యే సముద్రపు దొంగలు కనిపించారట. 'ట్రెజర్‌ ఐలాండ్‌' నవల అలా మొదలైంది.

రోజుకో అధ్యాయం రాసి ఇంటిల్లిపాదికీ వినిపించేవాడు. లైట్‌హౌస్‌లు కట్టే ఇంజినీరైన తండ్రి థామస్‌ది పిల్లాణ్ని మించిన సంబరం! చచ్చిపోయిన దొంగ పెట్టెలో ఏమేం దొరకాలో పెద్దాయనే జాబితా రాసిచ్చాడు. ఒంటికాలి దొంగ సిల్వర్‌కి ప్రేరణ మాత్రం, జబ్బుతో కాలు తీసేయించుకున్న మిత్రుడు, కవి హెన్లీ.

పదిహేను అధ్యాయాలయ్యాక కలం ఆగిపోయింది. ఒంట్లో బాగాలేదు, రాతలతో ఇల్లు గడవడం లేదు. చలికాలానికి స్విట్జర్లాండ్‌లోని దావోస్‌ చేరాక గానీ మిగతా కథ కదల్లేదు. 'యంగ్‌ ఫోక్స్‌' పత్రికలో మారుపేరుతో సీరియల్‌గా వస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1883లో పుస్తకంగా వేసేటప్పుడు చూస్తే... ప్రచురణకర్తకు పంపిన పటమే మాయం! పటం చూసి కథ రాసినవాడు, ఈసారి కథంతా వెతికి, ప్రతి దూరాన్నీ సరిచూసుకుని మళ్లీ పటం తయారుచేయించాల్సి వచ్చింది. తండ్రి ఆఫీసులో సిద్ధమైన ఆ రెండో పటమే పుస్తకంలోకెక్కింది. స్టీవెన్సన్‌కి మాత్రం అది తన దీవిలా ఎప్పుడూ అనిపించలేదు.