గోల్‌బజార్ నేల, మలంచ ఇల్లు

ఖరగ్‌పూర్‌లోని గోల్‌బజార్ రైల్వే స్థలంలో వెలసిన సంత. దుకాణాలు నడిపేది వర్తకులే అయినా అడుగున ఉన్న నేల రైల్వేది. మథురాకాటి, నీంపురా కాలనీల్లోని క్వార్టర్లూ అంతే. తెలుగు కుటుంబాలు మూడు తరాలుగా ఒకే వీధిలో ఉన్నా, ఆ ఇళ్లను కొన్నవారూ లేరు, అమ్మినవారూ లేరు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న లైను 1902లో వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారికి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు అందుబాటులోకి వచ్చింది. తండ్రి తర్వాత కొడుకూ అక్కడే పనిలో చేరిన ఇళ్లు ఎన్నో. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపిందంటే, దాని వెనుక ఈ వలస ఉంది.

సొంత ఇంటి ఆలోచన తప్పనిసరి అయ్యేది రిటైర్మెంటుతోనే. ఆ తర్వాత మామూలు అద్దెపై క్వార్టర్‌లో ఉండనిచ్చేది 4 నెలలు. రెట్టింపు అద్దెతో మరో 4 నెలలు. అందుకే ఉద్యోగంలో ఉండగానే చాలామంది రైల్వే సరిహద్దు దాటి మలంచ, తాల్‌బాగీచా వంటి చోట్ల స్థలం చూసుకుంటారు. ఇంటి అమ్మకాల చరిత్ర మొదలయ్యేది అక్కడే.

ఆంధ్రలో సెంట్లలో కొలిచే స్థలాన్ని ఇక్కడ కఠాలలో కొలుస్తారు. కఠా అంటే 720 చదరపు అడుగులు. కాగితాల మీద రాసేది మాత్రం డెసిమల్, అది 435.6 చదరపు అడుగులు, అంటే అచ్చంగా మన సెంటే. సర్వే నంబరును దాగ్ నంబరు అంటారు. నాలుగు హద్దులు చౌహద్ది అవుతాయి. బయానా మాత్రం ఇంచుమించు అదే పేరుతో ఉంది, అక్కడ బాయ్‌నా. భాష మారినా లావాదేవీ అలవాటైనదే అన్న ధైర్యం కొనేవారికి ఇలాంటి మాటల వల్లే కలుగుతుంది.

ఆ ధైర్యంతో ఆగిపోకూడదు. ఆంధ్రలో ఈసీ తీయడం ఎంత మామూలో, ఇక్కడ రిజిస్ట్రేషన్ కార్యాలయం ఇండెక్సుల్లో వెతికించి పాత దస్తావేజులను వరుసగా చూడడం అంత ముఖ్యం. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ చేయించి ఖతియాన్‌లో, అంటే భూమి హక్కుల రికార్డులో, పేరు ఎక్కించుకోవాలి. తర్వాత మునిసిపాలిటీలో ఇంటి పన్ను పేరు మార్పు. ఈ మెట్లలో ఒకటి వదిలేసిన ఇల్లు తర్వాతి అమ్మకంలో చిక్కు పడుతుంది.

అసలు చిక్కు వారసుల దగ్గర వస్తుంది. వీలునామా లేకుండా ఇంటి యజమాని చనిపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, ఉంటే తల్లి కూడా హక్కుదారులే. ఒకరు విశాఖపట్నంలో, ఒకరు హైదరాబాద్‌లో స్థిరపడితే, అందరి సంతకాలూ లేదా పవర్ ఆఫ్ అటార్నీలూ చేరేదాకా ఇల్లు మొత్తంగా చేతులు మారదు. తాళం వేసి ఉన్న ఆ ఇంటిని వర్షాకాలం ముందు చూసి రమ్మని పొరుగువారికి చెప్పుకోవాల్సి వస్తుంది.